ఆవిరి–బ్రైన్ కోర్ ప్రయోగం: ఆవిరి రిలేటివ్ పర్మియబిలిటీ ఒక్కోరోజు ఒక్కో విలువ చూపిస్తోంది, ఎందుకు?

ఇసుకరాయి (ప్రశ్న)

నమస్కారం. జియోథర్మల్ (భూగర్భ వేడినీటి) రిజర్వాయర్‌లో ఆవిరి, ఉప్పునీరు కలిసి రాతి రంధ్రాల్లో ఎలా పారతాయో కొలవడానికి ఒక కోర్ (స్థూపాకారంగా కోసిన రాతి ముక్క) లైను నడుపుతున్నాం. ఫలితాలు నిలకడగా రావడం లేదు. ముందు అమరిక చెబుతాను. పీడనాలన్నీ అబ్సల్యూట్‌లోనే ఇస్తున్నాను.

కోర్ ఇసుకరాయి. వ్యాసం 5 సెం.మీ., పొడవు 40 సెం.మీ., పోరాసిటీ (రాతిలో రంధ్రాల వంతు) 21%. చల్లటి బ్రైన్ (ఉప్పునీరు)తో కొలిస్తే పర్మియబిలిటీ (ద్రవాన్ని పారనిచ్చే గుణం) 600 మిల్లీడార్సీ. రాయిని కొలిమిలో కాల్చలేదు, కడిగి ఆరబెట్టి వాడాం. స్టెయిన్‌లెస్ స్టీల్ హోల్డర్‌లో అడ్డంగా ఉంది. చుట్టూ 5 సెం.మీ. మందం సిరామిక్ ఫైబర్ ఇన్సులేషన్.

5% సోడియం క్లోరైడ్ ద్రావణం నిమిషానికి 4 గ్రాములు, విడి బాయిలర్ నుంచి ఆవిరి నిమిషానికి 0.4 గ్రాములు పంపుతున్నాం. రెండూ కోర్ ముఖం దగ్గర కలుస్తాయి. లోపలికి వెళ్లేచోట 2.4 బార్, బయటికి వచ్చేచోట బ్యాక్ ప్రెషర్ రెగ్యులేటర్‌తో 1.6 బార్. ఉష్ణోగ్రతకు కె టైపు థర్మోకపుల్స్ ఉన్నాయి.

ఇవీ ఇబ్బందులు:

ఒకటి, పంపే ప్రవాహాలు మార్చకపోయినా పీడన వ్యత్యాసం ఒకరోజు 80 కిలోపాస్కల్, మరోరోజు 62 వస్తోంది. మొదటి లెక్కన ఆవిరి రిలేటివ్ పర్మియబిలిటీ (రెండూ కలిసి పారేటప్పుడు రాయి పర్మియబిలిటీలో ఆవిరికి దక్కే వంతు) 0.33, నీటిది 0.07. రెండో లెక్కన ఆవిరిది 0.42.

రెండు, కోర్ మధ్యలో పీడనం 2.0 బార్ ఉన్నప్పుడు థర్మోకపుల్ 122.5 డిగ్రీలు చూపిస్తోంది. స్టీమ్ టేబుల్ ప్రకారం 120.2 ఉండాలి.

మూడు, కొన్ని వారాల తర్వాత మళ్లీ చల్లటి బ్రైన్‌తో కొలిస్తే 600 కాస్తా 430 మిల్లీడార్సీకి పడిపోయింది.

నైట్రోజన్–నీరు జంటతో ఇదే లైను చక్కగా పనిచేసింది. తేడా ఎక్కడుంది?

ఎన్‌థాల్పీ

తేడా మీ ప్రశ్న చివర్లోనే ఉంది. నైట్రోజన్ నీరుగా మారదు, ఆవిరి మారుతుంది. నైట్రోజన్ ఎంత పంపితే అంతే అవతలి చివర వస్తుంది. ఆవిరి విషయంలో మీరు పంపిన 0.4 గ్రాములు కోర్ ముఖం దాటాక ఎంత మిగిలిందో వేడి లెక్క మాత్రమే చెబుతుంది. ఆ లెక్క తేలకుండా డార్సీ సమీకరణంలో (ప్రవాహం, పీడన తేడా నుంచి పర్మియబిలిటీ లెక్కించేది) 0.4 వేసేస్తే వచ్చే సంఖ్య రాయి గురించి కాదు, ఇన్సులేషన్ గురించి చెబుతుంది.

మీ కొలతలతోనే చూద్దాం. సిరామిక్ ఫైబర్ ఉష్ణవాహకత 0.06 వాట్/మీటర్·కెల్విన్ అనుకుంటే, లోపలి వ్యాసార్ధం 2.5 సెం.మీ., బయటిది 7.5, పొడవు 0.4 మీటర్లు, తేడా 95 డిగ్రీలు. గోడ నుంచి పోయే వేడి సుమారు 13 వాట్లు. హోల్డర్ చివరల నుంచి, ట్యూబింగ్ నుంచి పోయేది దీనికి అదనం, అది ప్రస్తుతానికి వదిలేస్తున్నాను.

120 డిగ్రీల దగ్గర ఒక గ్రాము ఆవిరి ద్రవించడానికి 2.2 కిలోజౌల్స్ వదలాలి. 13 వాట్లంటే నిమిషానికి 780 జౌల్స్. అంటే నిమిషానికి 0.35 గ్రాముల ఆవిరి నీరైపోతుంది. మీరు పంపేదే 0.4!

పూర్తిగా పోకపోవడానికి ఒక కారణం ఉంది. పీడనం 2.4 నుంచి 1.6 బార్‌కు తగ్గుతుంటే వేడినీటిలో కొంత ఫ్లాష్ అవుతుంది, అంటే ఒక్కసారిగా ఆవిరవుతుంది. మంచినీటి పట్టికలతో లెక్క ఇలా వస్తుంది (5% ఉప్పుకు విశిష్టోష్ణం అయిదారు శాతం తక్కువ, ఇక్కడ దాన్ని పక్కన పెట్టాను):

లోపలికి (గ్రాముకు జౌల్స్ లెక్కన): 4 గ్రా. నీరు × 529.6, 0.4 గ్రా. ఆవిరి × 2714.6. మొత్తం 3204 జౌల్స్/నిమి., అంటే గ్రాముకు 728 జౌల్స్.
బయట 1.6 బార్ దగ్గర ద్రవం 475.4, గుప్తోష్ణం 2221.
వేడి అసలు పోకపోతే: ఆవిరి భాగం 0.114, అంటే నిమిషానికి 0.50 గ్రాములు.
13 వాట్లు పోతే: గ్రాముకు 551 మిగులుతుంది, ఆవిరి భాగం 0.034, అంటే 0.15 గ్రాములు.

మీరు 0.40 అనుకుంటున్నది ఒక చివర 0.40, మరో చివర 0.15. సగటు సుమారు 0.27. మీ 0.33 నిజానికి 0.22 దగ్గర ఉండాలి. గదిలో ఫ్యాన్ తిరిగినా, ఇన్సులేషన్ కాస్త తడిసినా ఈ 13 వాట్లు 10 కావచ్చు, 18 కావచ్చు. ఒక్కోరోజు ఒక్కో విలువ రావడానికి మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఊహించిన ఉష్ణవాహకతతో ఆగిపోకండి, నష్టాన్ని కొలవండి. బ్యాక్ ప్రెషర్ 4 బార్‌కు పెంచి, మరగకుండా 125 డిగ్రీల నీటిని ఒకే దశలో నిమిషానికి 20 గ్రాముల చొప్పున పంపండి. 13 వాట్లు పోతే రెండు చివరల మధ్య సుమారు 9 డిగ్రీల తేడా రావాలి. మీ థర్మోకపుల్స్‌తో కూడా దొరికే తేడా ఇది. నిమిషానికి 4 గ్రాములతో చేస్తే తేడా 40 దాటుతుంది, అప్పుడు గోడ సగటు ఉష్ణోగ్రతే మారిపోయి అసలు ప్రయోగానికి ఆ సంఖ్య పనికిరాదు. 110, 120, 130 డిగ్రీల దగ్గర కొలిచి గది ఉష్ణోగ్రతతో తేడాకు గీత గీసుకోండి. రోజూ గది ఉష్ణోగ్రత కూడా రాయండి.

నిలకడ విషయం కూడా. కోర్, అందులో నీరు, స్టీల్ హోల్డర్ కలిపి ఉష్ణధారిత డిగ్రీకి నాలుగు కిలోజౌల్స్ పైనే ఉంటుంది. పది నిమిషాలకు 0.1 డిగ్రీ జరుగుతున్నా 0.7 వాట్లు ఎటో వెళ్తున్నట్టే, అది మీ ఆవిరిలో 5%. ప్రవాహం మార్చిన ప్రతిసారీ నాలుగైదు గంటలు ఆగాల్సి రావడం మామూలే. పీడనం ముందే స్థిరపడినట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్మొద్దు.

ఉప్పుతేట

పై లెక్కకు బయటినుంచి ఒక సాక్ష్యం కావాలంటే మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఉప్పు ఆవిరితో వెళ్లదు, ద్రవంలోనే ఉంటుంది. బయటికొచ్చే ద్రవంలో క్లోరైడ్ కొలిస్తే ఆవిరి ఎంత ద్రవించిందో నేరుగా తెలుస్తుంది.

మీ సంఖ్యలతో: ఉప్పు నిమిషానికి 0.2 గ్రాములు. వేడి పోకపోతే బయటి ద్రవం 3.90 గ్రాములు, గాఢత 5.13%. 13 వాట్లు పోతే ద్రవం 4.25 గ్రాములు, గాఢత 4.71%. ఎనిమిది శాతం తేడా. సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్‌తో అర శాతం ఖచ్చితత్వం వస్తుంది కాబట్టి సరిపోతుంది. కండక్టివిటీ మీటరు వాడితే నమూనాను 25 డిగ్రీల వాటర్ బాత్‌లో 0.1 డిగ్రీ లోపల ఉంచాలి. డిగ్రీకి రెండు శాతం మారే రాశి అది.

ఎక్కువమంది పొరపడేది నమూనా తీసేచోట. 1.6 బార్ దగ్గర వేరుచేసిన ద్రవాన్ని నేరుగా బీకరులోకి వదిలితే అందులో 2.6% ఆవిరైపోతుంది, గాఢత అంతమేర పెరుగుతుంది. ముందు కూలింగ్ కాయిల్, ఆ తర్వాత వాల్వు. ఈ వరుస మారకూడదు. సెపరేటర్‌కు కూడా ఇన్సులేషన్, హీటింగ్ టేపు ఉండాలి. లేదంటే కోర్‌లో ద్రవించని ఆవిరి సెపరేటర్‌లో ద్రవించి అదే తప్పు సంఖ్య ఇస్తుంది. ఆవిరి వైపు కండెన్సేట్‌లోనూ క్లోరైడ్ చూడండి. బ్రైన్‌లో ఉన్నదానిలో వందో వంతు కనిపిస్తే ఆ కండెన్సేట్‌లో ఒక శాతం ఆవిరితో కొట్టుకొచ్చిన బ్రైన్ తుంపరలేనని అర్థం.

ఇక రెండో ఇబ్బంది. 5% ఉప్పునీరు మంచినీటి కంటే ఎక్కువ ఉష్ణోగ్రతకు మరుగుతుంది. 5% అంటే కిలో నీటికి 0.9 మోల్. 120 డిగ్రీల దగ్గర పెరుగుదల సుమారు 1 డిగ్రీ. మీకు కనిపించిన 2.3 డిగ్రీల్లో ఒకటి ఇదే. మిగతాది మామూలు కె టైపు థర్మోకపుల్ పరిమితి లోపలే ఉంది, దానికి 2.2 డిగ్రీల దాకా మినహాయింపు ఉంటుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. వాతావరణ పీడనంలో సంతృప్త ఉప్పునీరు 108.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది.

అందుకే ఉష్ణోగ్రత నుంచి పీడనం లెక్కగట్టొద్దు. 120 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పొరపాటు 6.3 కిలోపాస్కల్స్ పొరపాటు అవుతుంది. కోర్ పొడవునా ప్రెషర్ పోర్టులు పెట్టి నేరుగా కొలవండి. ఉష్ణోగ్రతకు క్లాస్ ఎ పీటీ-100 సెన్సర్లు వాడితే 120 దగ్గర 0.4 డిగ్రీల లోపల ఉంటాయి. ఒకే ఆయిల్ బాత్‌లో అన్నింటినీ కలిపి పోల్చి దిద్దుకుంటే వాటి మధ్య తేడా ఇంకా తగ్గుతుంది. పోర్టు నుంచి ట్రాన్స్‌డ్యూసర్ దాకా ఉన్న సన్న గొట్టంలో నీరుందో ఆవిరుందో తెలియని స్థితి ఉండకూడదు. ట్రాన్స్‌డ్యూసర్లన్నీ కోర్ అక్షం ఎత్తులోనే బిగించి, గొట్టాలను చల్లటి గాలి తీసిన నీటితో పూర్తిగా నింపండి. పది సెం.మీ. ఎత్తు తేడా ఒక కిలోపాస్కల్.

రంధ్రజాలం

మూడో ఇబ్బందికి, అంటే 600 నుంచి 430కి పడటానికి, నా అనుమానం బంకమన్ను మీద.

కాల్చని ఇసుకరాయిలో కేయోలినైట్, ఇల్లైట్ రేణువులు ఇసుక గింజలకు అతుక్కుని ఉంటాయి. ఉప్పు ఒక హద్దు కంటే తగ్గితే అవి ఊడి కొట్టుకుపోయి రంధ్రాల ఇరుకుల్లో చిక్కుకుంటాయి. మీరు 5% పంపుతున్నారు కదా, సమస్యేంటి అనిపించవచ్చు. కానీ ఆవిరి గోడ దగ్గర ద్రవించినప్పుడు వచ్చేది డిస్టిల్డ్ వాటర్. పైన చెప్పిన 13 వాట్లు నిమిషానికి మూడో వంతు గ్రాము మంచినీటిని సరిగ్గా కోర్ అంచుల వెంట పోస్తున్నాయి. సగటు గాఢత 4.7% ఉన్నా ఆ అంచుల్లో అంత ఉండనక్కర్లేదు. బాయిలర్ ముందుగా తెరిచి, బ్రైన్ తర్వాత తెరిచే అలవాటుంటే ముందు ముఖం దగ్గర మరీ ప్రమాదం.

తేల్చుకోవడం సులువు. చల్లటి 5% బ్రైన్‌తో ప్రవాహాన్ని తిరగదిప్పండి. పర్మియబిలిటీ ఒక్కసారి పెరిగి, మళ్లీ మెల్లగా తగ్గితే చిక్కుకున్న రేణువులే. ఏ మార్పూ లేకపోతే ఏదో పేరుకుని గట్టిపడింది, లేదా కోర్ బయటి సీలు మారింది.

కొత్త కోర్‌కైతే కాల్చడమే మేలు. సుమారు 800 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే బంకమన్ను నీటికి స్పందించడం మానేస్తుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక రూపం మారి ఒక్కసారి వ్యాకోచిస్తుంది. ఆ చుట్టుపక్కల నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలకు మించి ఎక్కించినా దించినా సన్న పగుళ్లు వస్తాయి. కాల్చాక పోరాసిటీ, పర్మియబిలిటీ రెండూ మారతాయి, పాత సంఖ్యలు పారేసి మళ్లీ కొలవాలి.

సిలికా అనుమానం చాలామందికి ముందే వస్తుంది. మీ ప్రయోగంలో అది కారణం కాదనుకుంటాను. 120 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ కిలోకు 70 మిల్లీగ్రాముల చిల్లర మాత్రమే కరుగుతుంది, నిరాకార సిలికా కిందికి దిగాలంటే 450 దాటాలి. అసలైన జియోథర్మల్ బ్రైన్ కథ వేరు. 250 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్‌తో సంతృప్తమైన నీటిలో 490 దాకా ఉంటుంది. అది 120 డిగ్రీలకు ఫ్లాష్ అయితే 26% ఆవిరిగా పోయి మిగతా నీటిలో 660 అవుతుంది, హద్దు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. అలాంటి బ్రైన్ తయారుచేసి వాడబోతే పీహెచ్ 5 లోపు ఉంచితే సిలికా గొలుసులు కట్టడం బాగా నెమ్మదిస్తుంది. లేకపోతే మీ రెగ్యులేటర్ సీటే ముందు మూసుకుపోతుంది.

ఉప్పు గడ్డకట్టడం కూడా ప్రవాహం నడుస్తున్నప్పుడు జరగదు. 5% నుంచి సంతృప్తానికి చేరాలంటే నీటిలో 87% పోవాలి. ఆపేటప్పుడే జాగ్రత్త పడాలి. వేడిగా ఉండగానే పీడనం వదిలేస్తే రాతిలోని వేడికి రంధ్రాల్లోని నీరు మరుగుతుంది. 120 నుంచి 100కి దిగేలోపు సుమారు 16 గ్రాములు పోతుంది, సగం నిండిన కోర్‌లో ఉన్న నీటిలో అయిదో వంతు. ఆ తర్వాత వాక్యూమ్ పెడితే మిగిలింది ఉప్పే. పీడనం అలాగే ఉంచి ముందు ఆవిరి ఆపండి, అదే 5% బ్రైన్‌తో చల్లార్చండి, చివర్లో వదలండి.

ఇంకో మాట. వేడి క్లోరైడ్, అందులో గాలి కరిగి ఉంటే 316 స్టెయిన్‌లెస్‌కు గుంటలు పడతాయి, ఒత్తిడిలో ఉన్నచోట పగుళ్లు వస్తాయి. 60 డిగ్రీలు దాటితే పగుళ్ల ముప్పు బాగా పెరుగుతుంది, గుంటలు అంతకంటే తక్కువలోనూ పడొచ్చు. బ్రైన్ హీటర్ కాయిల్‌ను సీ-276 హాస్టెలాయ్‌తో గానీ టైటానియంతో గానీ చేయించండి. బ్రైన్‌ను అరగంట మరిగించి నైట్రోజన్ కింద ఉంచండి. కోర్ ముందు 2 మైక్రాన్ ఫిల్టర్ లేకపోతే తుప్పు కూడా మీ 430లో వాటా తీసుకుని ఉండొచ్చు.

పీడనరేఖ

వేడి నష్టానికి పరిష్కారం గార్డ్ హీటర్లు, అంటే పోయే వేడిని బయటినుంచి భర్తీ చేసేవి. కోర్ పొడవునా అయిదేసి సెం.మీ. చొప్పున ఎనిమిది జోన్లు, ఒక్కోదానికి ఒక హీట్ ఫ్లక్స్ సెన్సర్ (గోడ గుండా పోయే వేడిని కొలిచేది), ఒక కంట్రోలర్. సెన్సర్ సున్నా చూపేలా నడిపితే 13 వాట్ల గొడవే ఉండదు. ఒకే హీటింగ్ టేపు మొత్తం పొడవుకీ చుట్టడం మాత్రం వద్దు. కోర్ ఒక చివర 126, మరో చివర 113 డిగ్రీలు ఉంటుంది, ఒకే టేపుతో ఒక చివర చల్లబడుతుంది, మరో చివర మరుగుతుంది.

ఎన్‌థాల్పీ

పీడనరేఖ గారూ, జోన్ల మాట నిజమే కానీ సున్నా లక్ష్యంగా పెట్టడం నాకు నచ్చదు. కంట్రోలర్ ఊగుతుంది, సెన్సర్‌కు పొరపాటు ఉంటుంది. సున్నా అవతలికి వెళ్లిందంటే గోడ పక్క నీరు మరిగి, రాయి అంచున ఆవిరి పొర ఏర్పడుతుంది. ఆవిరి ఆ దారినే పోతుంది, రిలేటివ్ పర్మియబిలిటీ పెరిగినట్టు కనిపిస్తుంది. రంధ్రజాలం గారు చెప్పిన ఉప్పు గడ్డ కూడా అక్కడ నిజంగానే కడుతుంది. గోడను కోర్ కంటే 0.3 నుంచి 0.5 డిగ్రీలు తక్కువలో ఉంచి, మిగిలిన ఒకటి రెండు వాట్ల నష్టాన్ని కొలిచి లెక్కలో వేసుకోవడం మేలు. 2 వాట్లంటే నిమిషానికి 0.054 గ్రాములు. తెలిసిన చిన్న నష్టం, తెలియని సున్నా కంటే నయం.

ఇసుకరాయి

అందరికీ ధన్యవాదాలు. ప్రవాహం తిరగదిప్పి చూస్తాం, కొత్త కోర్‌ను కాల్చే ఏర్పాటు చేస్తున్నాం. ఇంకో మూడు సందేహాలు.

బాయిలర్ నుంచి 0.4 గ్రాములు నిలకడగా పంపడం కష్టంగా ఉంది, ఊగుతోంది. దానికి బదులు వేరే పద్ధతి ఉందా? సంతృప్తత (రంధ్రాల్లో నీరు నిండిన వంతు) కొలవడానికి సీటీ స్కానర్ దొరికే వీలుంది, బ్రైన్‌లో సోడియం అయోడైడ్ కలిపితే స్పష్టత పెరుగుతుందంటున్నారు, కలపాలా? చివరగా, ఫలితాన్ని కోరీ వక్రాలతో పోల్చాలా, ఎక్స్ వక్రాలతోనా?

ఎన్‌థాల్పీ

మొదటిదానికి: బాయిలర్ తీసేయండి. ఒకే పంపుతో 4.4 గ్రాముల ద్రవాన్నే పంపి, కోర్ ముఖం దగ్గర వాల్వు ద్వారా ఫ్లాష్ చేయండి. గ్రాముకు 728 జౌల్స్ కావాలంటే మంచినీటి లెక్కన 172 డిగ్రీలు. అక్కడ సంతృప్త పీడనం 8.3 బార్ కాబట్టి హీటర్‌లో మరగకుండా 12 బార్ ఉంచండి. వాల్వు దాటి 2.4 బార్‌కు రాగానే 9% ఆవిరి అవుతుంది. ఆవిరి ఎంతన్నది ఇప్పుడు ఒక్క ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. ఒక డిగ్రీ పొరపాటుకు ఆవిరిలో రెండు శాతం పొరపాటు, అంతే. బ్రైన్‌కు ఎన్‌థాల్పీ (గ్రాముకు ఉన్న వేడి) తక్కువ కాబట్టి ఉష్ణోగ్రత ఇంకాస్త పెంచాలి, సోడియం క్లోరైడ్ ద్రావణాల పట్టికలు చూసి నిర్ణయించండి. ఇప్పుడు మొత్తం 4.4 గ్రాములూ బ్రైనే కాబట్టి క్లోరైడ్ లెక్కను కూడా దానికి తగ్గట్టు మార్చుకోవాలి.

రెండు షరతులు. వాల్వుకూ కోర్‌కూ మధ్య దూరం కొద్ది సెం.మీ. దాటకూడదు. దాటితే గొట్టంలో నీరు ముద్దలు ముద్దలుగా, మధ్యలో ఆవిరిగా వెళ్తుంది, పీడనం కొట్టుకుంటుంది. రెండోది భద్రత. 172 డిగ్రీల ద్రవం లీకైతే అక్కడికక్కడ పేలినట్టు ఆవిరవుతుంది. 15 బార్‌కు రిలీఫ్ వాల్వు పెట్టి దాని గొట్టాన్ని నీళ్ల డ్రమ్ములోకి దించండి, హీటర్ పవర్‌ను పంపు ప్రవాహంతో ఇంటర్‌లాక్ చేయండి. పంపు ఆగి హీటర్ నడిస్తే కాయిల్‌లో ఉప్పు గడ్డకట్టి తర్వాత తెరుచుకోదు.

రంధ్రజాలం

అయోడైడ్ వద్దు. నూనె–నీరు ప్రయోగాల్లో అది బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ నీటి గాఢత మారదు. ఇక్కడ నీరు ఆవిరవుతూ ద్రవిస్తూ ఉంటుంది, అయోడైడ్ గాఢత కోర్ పొడవునా మారుతుంది. సీటీ సంఖ్య పెరిగితే నీరు పెరిగిందా, అయోడైడ్ చిక్కబడిందా చెప్పలేరు. మామూలు బ్రైన్‌తోనే స్కాన్ చేసి, ఒకేచోట ఎక్కువ స్కాన్లు తీసి సగటు వేయండి. పూర్తిగా ఎండిన కోర్‌ను, పూర్తిగా నిండిన కోర్‌ను రిఫరెన్స్‌గా స్కాన్ చేయాలి. నిండినది ప్రయోగం ఉష్ణోగ్రతలోనే తీయాలి. నీటి సాంద్రత 25 డిగ్రీల దగ్గర 997, 120 దగ్గర 943. చల్లటి రిఫరెన్స్ వాడితే అయిదు శాతం తప్పు అక్కడే పడుతుంది. స్టీల్ హోల్డర్‌తో స్కాన్ కుదరదు, అల్యూమినియం గానీ కార్బన్ ఫైబర్ గానీ కావాలి. అల్యూమినియానికి వేడి బ్రైన్ తగలకుండా లోపల స్లీవ్ ఉండాలి.

స్కానర్ దొరకని రోజు రెండు చివరల వాల్వులు ఒకేసారి మూసి, చల్లార్చి, తూకం వేయండి. మీ రంధ్రాల ఘనపరిమాణం 165 ఘన సెం.మీ., ఒక శాతం సంతృప్తతకు 1.65 గ్రాములు. లోపల చిక్కిన ఆవిరి బరువు 0.1 గ్రాము కూడా ఉండదు. ఇది సగటు మాత్రమే ఇస్తుంది, పొడవు వెంట మార్పు చెప్పదు.

ఉప్పుతేట

వక్రాల గురించి. కోరీ 1954 సూత్రంలో సవరించిన (కదలని నీటిని తీసేసి లెక్కించిన) నీటి సంతృప్తతను నాలుగో ఘాతానికి పెంచితే నీటి రిలేటివ్ పర్మియబిలిటీ. ఆవిరికి (1 − సంతృప్తత) వర్గాన్ని (1 − సంతృప్తత వర్గం)తో గుణించాలి. ఎక్స్ వక్రాల్లో రెండూ సరళరేఖలు, మొత్తం ఎప్పుడూ 1. సవరించిన సంతృప్తత 0.5 దగ్గర కోరీ ప్రకారం నీటిది 0.06, ఆవిరిది 0.19. ఎక్స్ ప్రకారం రెండూ 0.5. గింజలతో నిండిన రాయి సాధారణంగా కోరీకి దగ్గరగా, విశాలమైన పగుళ్లు ఎక్స్ వైపుగా నడుస్తాయి. కానీ ముందే ఒకదాన్ని ఎంచుకుని దానికి సరిపెట్టడం వద్దు.

మీ సంఖ్యలు ఎంత సులువుగా మోసం చేస్తాయో చూడండి. మొదటి లెక్కలో నీటిది 0.07, ఆవిరిది 0.33. నీటిది 0.07 అయితే కోరీ ఆవిరికి 0.17 అంటుంది. అంటే మీ రాయి కోరీ కంటే చాలా పైన ఉన్నట్టు అనిపిస్తుంది. వేడి నష్టం దిద్దాక 0.22, అంటే కోరీకి దగ్గరైంది. ఇప్పుడు భాగించింది 600తో కాదు, ఆ రోజుకి రాయి 430కి పడిపోయిందనుకోండి, నీటిది 0.10, ఆవిరిది 0.31. అప్పుడు కోరీ ఆవిరికి 0.13 మాత్రమే అంటుంది. పీడనం, ప్రవాహాల కొలతలు మారలేదు, వేడి లెక్క మారలేదు, హారం మారింది. కాబట్టి ప్రతి ప్రయోగానికి ముందూ వెనకా అబ్సల్యూట్ పర్మియబిలిటీ కొలవక తప్పదు.

ఇంకో దారి, ముందు నిష్పత్తి గీయడం. ఆవిరి రిలేటివ్ పర్మియబిలిటీని నీటిదానితో భాగిస్తే అబ్సల్యూట్ పర్మియబిలిటీ, పీడన వాలు రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేది ద్రవ్యప్రవాహాల నిష్పత్తి, కైనమాటిక్ స్నిగ్ధతల నిష్పత్తి. 120 డిగ్రీల దగ్గర రెండోది మంచినీటికి సుమారు 46. (5% ఉప్పుకు డైనమిక్ స్నిగ్ధత పది శాతం, సాంద్రత మూడు శాతం పెరుగుతాయి, దాని ప్రకారం దిద్దుకోండి.) మీ సగటు ఆవిరి 0.27, నీరు 4.13 అనుకుంటే నిష్పత్తి 3. దీన్ని సీటీ సంతృప్తతకు ఎదురుగా గీస్తే వేడి లెక్క, సంతృప్తత మాత్రమే పరీక్షకు నిలబడతాయి. అది మృదువైన గీతగా రాకపోతే విడివిడి వక్రాలు గీయడం వృథా.

పీడనరేఖ

సంతృప్తత గీసేటప్పుడు చివరి నాలుగైదు సెం.మీ. వదిలేయండి. కోర్ బయటి ముఖం దగ్గర కేశనాళిక బలం నీటిని పట్టి ఉంచుతుంది, ఆవిరి బయటికి పోతుంది కానీ నీరు పేరుకుంటుంది. సీటీ చిత్రంలో ఎంత పొడవున నీరు పెరిగిందో కనిపిస్తుంది, అక్కడిదాకా కోసేయాలి. ముందు ముఖం నుంచి కూడా రెండు మూడు సెం.మీ. వదలాలి, ఆవిరి, నీరు పూర్తిగా కలిసే చోటు అది. పీడన వాలును రెండు చివరల తేడాతో కాకుండా మధ్యలో ఉన్న పోర్టుల మధ్యే తీసుకోండి. పోర్టులు 8, 16, 24, 32 సెం.మీ. దగ్గర ఉంటే చాలు. మధ్య భాగంలో కూడా వాలు బయటి చివర వైపు పెరుగుతూ ఉంటుంది, ఎందుకంటే పీడనం తగ్గేకొద్దీ ఆవిరి వ్యాకోచిస్తుంది. అందువల్ల ఒక్కో జతకు అక్కడి ఆవిరి సాంద్రత, అక్కడి ఆవిరి ప్రవాహం వేసి విడివిడిగా లెక్కించండి. నాలుగు పోర్టులకు మూడు బిందువులు వస్తాయి. మూడూ ఒకే వక్రం మీద పడకపోతే మళ్లీ వేడి నష్టం పట్టికే తెరవాలి.